మెరవని జరీ

మా నాన్న కరెంటాఫీసులో హెల్పరు.
స్తంభం ఎక్కే ముందు కటింగ్ ప్లేయరు పిడికి
ఎర్ర తొడుగు చిరిగిందేమో చూసుకునేవాడు.
"ప్లాస్టిక్కును నమ్ము బిడ్డా, అది కరెంటును రానియ్యదు."
మా ఇంట్లో తెలిసిన సైన్సంతా అదే.

హబ్సిగూడ ల్యాబులో
పదమూడేళ్లుగా నేను చేస్తున్న పని
ఆ ఒక్క మాటను అబద్ధం చెయ్యడం.

మంచుగడ్డల గిన్నెలో బీకరు.
కొంచెం అనిలీన్, కొంచెం ఆమ్లం,
చుక్క చుక్కగా ఇంకో మందు.
కాసేపు ఏమీ జరగదు. టీ తాగి రావచ్చు.
వచ్చేసరికి నీలం, ఆ వెనకే పచ్చ,
గోంగూర ముద్దంత చిక్కటి పచ్చ.
పెద్ద మైక్రోస్కోపు కింద అవన్నీ పోగులు,
వెంట్రుకలో వెయ్యో వంతు సన్నం.
వాటిలోంచి కరెంటు పోతుంది,
పాతబస్తీ గల్లీల్లో సైకిలు పోయినట్టు
వంగుతూ, ఆగుతూ,
కానీ పోతుంది.

నాన్నకు చెప్పలేదు.

ఈ పచ్చను నూలు దారానికి పట్టించి
సాక్సుల అడుగున కుట్టాలి.
షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లకు
ఎక్కడ ఒత్తుకుంటోందో ఫోనులో చెప్పే సాక్సులు.
మిషను మీద కుడితే పూత రాలిపోతోంది.
"చేతిపని తెలిసినవాళ్లను వెతకండి" అన్నారు సారు.
నేను శాలిబండ బస్సెక్కాను.

మునవ్వర్ చాచా కార్ఖానా మేడ మీద.
చెక్క చట్రానికి బిగించిన వెల్వెట్,
ఎవరిదో పెళ్లి దుపట్టా సగం మెరుస్తూ.
నా దారాన్ని వేలికి చుట్టుకుని
కిటికీ దగ్గర పట్టి చూశాడు.
"ఇది మెరవదు కదమ్మా?"
మెరవదు చాచా.
"మరి దీని పనేంది?"
చెబుతుంది.
"ఏం చెబుతది?"
నొప్పి.

ఆయన నవ్వలేదు. చెప్పు విడిచి
అరికాలు ఇటు తిప్పాడు.
బొటనవేలి కింద పాత మచ్చ, దాని పక్కన పచ్చి పుండు.
మదీనా నుంచి మొగల్‌పురా దాకా
చెప్పులో మేకుతో నడిచొచ్చాడట.
గడప మీద రక్తం చూసి బిల్కీస్ ఆపా కేకేస్తే
"ఎవరిది?" అని అడిగాడట.

మొదటి జత తన కొలతకే కుట్టుకున్నాడు.
ఎవరూ చెప్పకుండానే మడమ దగ్గర
మామిడిపిందె బుటా ఒకటి వేశాడు.
సారు మొహం చిట్లించారు.
కొలిచి చూస్తే
బుటా ఉన్నచోటే సిగ్నల్ బాగుంది.

పదకొండు రోజులు నడిచింది.
పన్నెండో రోజు ఫోను:
"అరుంధతమ్మా, దారం చచ్చిపోయింది."
పోయి చూస్తే ఆరేసిన తీగ మీద
పచ్చ లేదు. నీలం.
బిల్కీస్ ఆపా బట్టల సబ్బుతో ఉతికింది.
సబ్బు దానిలోని పులుపును లాగేసింది.
పులుపు పోతే అదీ ఉత్త ప్లాస్టిక్కే,
నాన్న నమ్మిన ప్లాస్టిక్కే.

క్షారమనీ ప్రోటానులనీ నేను మొదలుపెట్టాను.
ఆమె సగం విని వంటింట్లోకి పోయింది.
దాల్చాకు పిసికి వడకట్టిన
చింతపండు పులుసు గిన్నెతో వచ్చింది.
"పులుపే కదా?"
వద్దు అనేలోపే ముంచింది.

ముగ్గురం గిన్నె చుట్టూ కూచున్నాం.
అసర్ నమాజు అయ్యి కింద జనం కదులుతున్నారు.
ముందు అంచు, ఆ తర్వాత బుటా,
ఇంకాసేపటికి మడమంతా పచ్చబడింది.
మీటరు పెట్టాను. ముల్లు కొట్టుకుంది.

రిపోర్టులో టార్టారిక్ ఆమ్లం అని రాశాను.
బిల్కీస్ ఆపా పేరు రాయడానికి
ఆ ఫారంలో గడి లేదు.

ఇంకా చాలా సరిచెయ్యాలి. చెమట పడితే తప్పులు చెబుతుంది.
చార్జింగ్ ఆరు గంటలే.
అయినా మొన్న శాలిబండ చౌరస్తాలో
జేబులో ఫోను గుర్రుమంటే
మునవ్వర్ చాచా ఆగి, ఆటోల మధ్య ఒంటికాలి మీద నిలబడి,
చెప్పులోంచి ఒక కంకర్రాయి దులిపాడు.
ఆ రాయిని నాకు చూపించడానికి దాచాడు.

ఆదివారం నాన్న దగ్గరికి దారం పట్టుకెళ్లాను.
బ్యాటరీ, చిన్న బల్బు, మధ్యలో ఈ పచ్చ.
బల్బు వెలిగింది.
ఏమీ కాదు నాన్నా, ముట్టుకో అన్నాను.
అరచేత్తో కాదు,
లైను మీద తాకినట్టు
వేళ్ల వెనక వైపుతో తాకాడు.